కట్ట కింద మనం, కమిటీల వాళ్లు

(చెరువు కట్ట మీద జరిగిన వాడ సభలో చేసిన ప్రసంగం)



మనం కూసున్న ఈ కట్ట మట్టికట్ట. చెరువంటే పొలం పారేటందుకే అనుకుంటం. అదొక్కటే కాదు. పైనుంచి ఒక్కసారిగ వచ్చే వరదను కడుపుల పెట్టుకొని, మత్తడి మీదుగా మెల్లగా వాగుకు వదిలేది కూడా ఈ చెరువే. కట్ట తెగితే ముందుగాల పోయేది ఎవరు? పల్లంల ఉన్న మన వాడ. ఊరు మెరక మీద, వాడ పల్లంల. ఇది నీళ్లు చేసిన ఏర్పాటు కాదు, కులం చేసిన ఏర్పాటు.

మట్టికట్ట ఎట్ల తెగుతది? మత్తడి చాలక నీళ్లు కట్ట మీదికెక్కితే మట్టిని కోసుకపోతయి. ఎలుకలు, ఎండ్రికాయలు చేసిన బొక్కల్లనో, కుళ్లిన వేర్ల సందులనో, తూము పక్కనో నీళ్లు దారి చేసుకుంటే లోపల్నే బుంగ పడుతది. కట్ట వెనక ఊట తేటగా ఉంటే కన్నేసి ఉంచాలె. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకపోతున్నట్టే, ఇంక ఆగొద్దు. ఈ సంగతి మన నీరటి తాతలకు ఎరుకే. తెలంగాణల చాలా ఊళ్లల్ల రాత్రనక పగలనక కట్ట కాసింది దళితులే.

మరి శిఖం భూమి దున్నుకున్నదెవరు? మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చేదెవరు? లాభం వాళ్లది, ముప్పు మనది.

మహారాష్ట్ర రత్నగిరి జిల్లా తివరేలో చిన్న మట్టి ఆనకట్ట ఉండేది. కట్ట కారుతున్నదని ఊరోళ్లు ముందే మొరపెట్టుకున్నరు. 2019 జూలై 2 రాత్రి అది తెగింది. ఇరవై మంది దాకా కొట్టుకపోయిన్రు. ఎండ్రికాయలు తొలిచినయని ఆ రాష్ట్ర మంత్రి సెలవిచ్చిండు. ఎండ్రికాయ బొక్క చేస్తది, నిజమే. ఆ బొక్క పూడ్చే బాధ్యత కూడా ఎండ్రికాయదేనా?

1997ల మన దగ్గర నీటి సంఘాల చట్టం తెచ్చిన్రు. ఓటు ఆయకట్టుల భూమి ఉన్నోళ్లకు పెట్టిన్రు. కట్ట కింద ఇల్లు ఉండి, భూమి లేనోనికి ఓటు లేదు.

వరద సంగతి మీకెందుకని ఎవరన్న అంటే బాబాసాహెబ్ పేరు చెప్పండి. 1943ల దామోదర్ నది బెంగాల్‌ను ముంచింది. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌ల కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్ 1945 జనవరి 3న కలకత్తాల సమావేశం పెట్టి, దామోదర్ లోయ పథకాన్ని ముందుకు నడిపిండు.

మనం అడిగేది నాలుగే. వానలకు ముందు వాడ మనుషుల ఎదుట కట్టను పరీక్ష చెయ్యాలె. శిఖం కొలిచి హద్దురాళ్లు పాతాలె. నీరటికి నెలజీతం ఇయ్యాలె. చెరువు మీద తీర్మానం చేసే చోట వాడ మనిషికి ఓటుండాలె.

ఇన్నాళ్లు ఊరి కోసం డప్పు కొట్టినం. ఈ వానకాలం కట్టకు ఊట కనవడితే ముందు మన వాడల కొడదాం.

జై భీమ్!