కంప్యూటరు విద్య - సేవామార్గము
(ఉపన్యాస పాఠము)



మన బరంపురమున కంప్యూటరు విద్య నేర్చిన యువతీయువకులు పెక్కుమంది కలరు. ఉద్యోగమునకు పోయినచో "అనుభవము కలదా?" అని అడుగుదురు. ఉద్యోగము లేనిదే అనుభవ మెట్లు వచ్చును? ఈ చిక్కు విడుటకు సేవ యొక మార్గము.

ఐక్యరాజ్యసమితి 1970లో స్వచ్ఛంద సేవకుల సంస్థను నెలకొల్పినది. 2000లో కోఫీ అన్నన్ గారు, వెనుకబడిన దేశములకు కంప్యూటరు విద్య నందించుటకై ప్రత్యేక సేవకదళమును ప్రకటించిరి. ఆ దళము నేడు లేకున్నను మూలసంస్థ పనిచేయుచున్నది. అందు జీతము లేదు. క్షేత్రమునకు వెళ్లువారికి జీవనభృతి కలదు. ఇంటినుండి చేయు సేవకు అదియు లేదు. దరఖాస్తునకు రుసుము లేదు. రుసుమడుగు దళారులను నమ్మకుడు.

తొలిమెట్టు మన వీధిలోనే కలదు. పాఠశాలలో మూలబడిన కంప్యూటరును బాగుచేయుట, పింఛను దరఖాస్తు నింపలేని వృద్ధులకు తోడ్పడుట చిన్నపనులు కావు. తెలుగు, ఒడియా, ఆంగ్లము మూడును ఎరిగిన మన బిడ్డలకు ఇది సులభసాధ్యము. చేసిన పనిని తేదీలతో వ్రాసియుంచి, ధ్రువపత్రము పొందవలెను.

అయితే ఇల్లు గడువని బిడ్డను ఉచితసేవకు నిర్బంధింపరాదు. కార్మికపక్షమున నిలిచిన వి. వి. గిరిగారు 1894లో జన్మించిన ఊరిది. అట్టి బిడ్డల దారిఖర్చులనైనను మన సంఘము భరింపవలెనని నా మనవి.