శరత్కాలమున మఖమలు వస్త్రధారణ



ఆశ్వయుజము వచ్చినంతనే భోషాణము తెఱచి మఖమలు కోటును బయటికిఁ దీయువారు శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములయందు నేఁటికిని కొందఱున్నారు. వారిలో నేనొకఁడను.

నా యిరువదియవ యేట, మా తండ్రిగారు తమ వివాహమునకుఁ గుట్టించుకొన్న మఖమలు కోటును ధరించి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకుఁ బోయితిని. దసరా తరువాతి మంగళవారమది. నడివీథిలో వాన పట్టుకొనినది. మఱునాఁడు మరల ధరింపవలయునను తొందరచేఁ దడికోటుపై కాలిన ఇస్త్రీపెట్టె నదిమితిని. పెట్టె యడుగుగుర్తు వీపునఁ బడినది. తండ్రిగా రప్పటికే కాలము చేసియుండిరి. మా తల్లి యా గుర్తును వ్రేలితోఁ దడవి, ఏమియు ననక లోనికిఁ బోయినది.

నా తప్పేమో తెలియుటకుఁ జాల కాలము పట్టినది. మఖమలు అనునది దారము పేరు కాదు, నేఁత పేరు. పట్టుతోను నేయవచ్చును, నూలుతోను నేయవచ్చును. అదనపు పడుగుపోగులను సన్నని తీఁగలమీఁదుగా నేసి, ఆ యుచ్చులను గోసినచో, పోగుల కొనలు పచ్చికవలె నిలుచును. ఆ నూఁగే దాని సొగసు. నూఁగును అణఁచితిమా, మిగులునది వట్టి గుడ్డ.

నూఁగునకు వాలు గలదు. మీఁదికి వాలినచో రంగు చిక్కగను, క్రిందికి వాలినచోఁ బలుచగను గానవచ్చును. దర్జీ యొకచేతి గుడ్డ నొకవైపునకు, రెండవచేతి గుడ్డను వేఱొకవైపునకుఁ గోసినచో, ఒక్క తానే రెండు రంగులుగాఁ గనఁబడును. కత్తెర వేయునపుడు మీరే యెదుటఁ గూర్చుండుఁడు.

ఎప్పుడు ధరింపవలయును? ఆశ్వయుజమున మన తీరమునకుఁ దుపానుల భయము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణము వద్దను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమునను తీరము దాఁటినవి. తుపాను లేకున్నను గాలిలోఁ దేమ, ఒడలఁ జెమట తప్పవు. కార్తికమాసపు చలిరాత్రులవఱకు ఓపిక పట్టుట మేలు.

మఖమలు బరువైన సొగసు. ప్రక్కన వేఱొక బరువును సహింపదు. జరీకండువాయు మఖమలు కోటును గూడినచోఁ జూచువారికి మనిషి కనఁబడఁడు! పైగా కండువా యొరపిడికి భుజముపై నూఁగు చచ్చును. పొందూరు పంచె చాలును. వాలుగచేప దవడతోఁ బత్తిని దువ్వి వడికిన యా సన్ననూలు తెలుపుప్రక్కనే నల్లని మఖమలు వెలుఁగును. స్త్రీలకు మఖమలు రవికపై సాదా నూలుచీర తగును.

తడిసినచో వెడల్పైన కొయ్యకుఁ దగిలించి నీడను ఆఱఁబెట్టుఁడు. అణఁగినచోట వెనుకవైపునుండి మరుగునీటి యావిరి పట్టి, మెత్తని కుంచెతో దువ్వినచో నూఁగు కొంత లేచును. ఇస్త్రీపెట్టెను మాత్రము దాని దాపునకు రానీయకుఁడు.

నా కోటు వీపుపై గుర్తు ఎంత యావిరికిని పోలేదు. ఈ కార్తికమున మా మనుమని వివాహమునకు దానినే ధరింపఁదలఁచినాను. పందిటిలో గోడప్రక్కను చోటు చూచుకొందును.