పెంపుడు కుందేళ్లు: వాని రోగములు

పిల్లల ముచ్చటకై కుందేళ్లను పెంచు గృహములు నేడు మన పట్టణములలో పెక్కు గలవు. మన మెట్టచేలలో దుముకు చెవులపిల్లి వేఱు, ఇండ్లలో పెంచు కుందేలు వేఱు. మొదటిది మన దేశపు అడవిజంతువు. దానిని పట్టి పెంచుటను 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. రెండవది స్పెయిను ప్రాంతమున పుట్టి లోకమంతట వ్యాపించిన జాతి. నేలలో బొరియలు త్రవ్వుకొని చల్లని చోట నివసించుట దాని స్వభావము. చక్కగా పోషించినచో అది ఎనిమిది పది యేండ్లు జీవించును. కాని అనేక గృహములలో రెండు మూడేండ్లకే మరణించుచున్నది. "నిన్నటి దాక బాగుగనే యుండెను, తెల్లవారుసరికి చనిపోయెను" అని యజమానులు చెప్పుకొందురు. నిజమునకు అది నిన్న బాగుగ లేదు. బాగుగ నున్నట్లు కనబడినది.

కుక్కకు నొప్పి కలిగినచో మూల్గును. కుందేలు అట్లు చేయదు. అది నక్కకును డేగకును ఆహారమైన ప్రాణి. బలహీనముగ కనబడినదానినే శత్రువు ముందు పట్టును గనుక, రోగమును దాచుట దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కావున అది చెప్పని మాటను మనమే కనిపెట్టవలయును.

ఇందులకు ప్రతి ఉదయము మేత వేయునపుడు నాలుగు విషయములు చూచిన చాలును. మేతకు ఆత్రముగ వచ్చినదా? రాత్రి వేసిన గడ్డి తిన్నదా? పెంటికలు వేసినదా? ఎట్లు కూర్చున్నది? ఆరోగ్యమైన కుందేటి పెంటికలు గుండ్రముగ, పొడిగ, అన్నియు నొకే పరిమాణమున నుండును. అవి చిన్నవైనను, తగ్గినను, వెండ్రుకలతో ముడిపడి దండవలె వచ్చినను లోపల పేగుల పని మందగించినదని గ్రహింపవలయును. కుందేలు రాత్రివేళ మెత్తని పెంటికలను వేసి వానిని తానే తినును. ఇది రోగము కాదు. ఆ విధముగనే అది గడ్డిలోని సారమును రెండవమారు గ్రహించును.

రోగములన్నిటిలో మొదట తెలిసికొనవలసినది పేగులు నిలిచిపోవుట. కుందేటి పేగులు ఎల్లప్పుడు కదలుచుండవలయును. పీచుగల మేతయే వానిని కదలించును. గడ్డి తక్కువై గింజలు, బిస్కత్తులు, తీపిపదార్థములు ఎక్కువైనను, భయము కలిగినను, మఱియొకచోట నొప్పి యున్నను పేగులు నిలిచి వాయువు నిండును. అప్పుడది మేత మాని, మూలను ముడుచుకొని, పండ్లు కొఱుకుచు కూర్చుండును. అది వాంతి చేసికొనలేదు. ఆకలి లేనట్లున్నది, రేపు చూతమని యూరకుండరాదు. పది పండ్రెండు గంటలు మేత ముట్టని కుందేలు అపాయమున నున్న కుందేలే. అది పగలైనను రాత్రియైనను పశువైద్యుని యొద్దకు కొనిపోవలయును. పొట్ట డోలువలె బిగిసియున్నచో నోట బలవంతముగ ఏమియు పోయరాదు.

మేత మానుటకు మఱియొక కారణము పండ్లు. కుందేటి పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. ముందరి పండ్లు ఏడాదికి 10 సెంటీమీటర్లకు మించి పెరుగును. గడ్డి నమలుటచేతనే అవి అరుగును. గడ్డి లేనిచో వెనుకపండ్ల అంచులు సూదులవలె తేలి నాలుకను, బుగ్గలను గాయపఱచును. అట్టి కుందేలు ఆశతో మేతకడకు వచ్చి, మూతి పెట్టి, తినక వెనుదిరుగును. గడ్డము క్రింద చొంగతో తడియుండును. కంట నీరు కారును. ఆ పండ్లను ఇంటిలో కత్తిరింపరాదు. పన్ను నిలువున చీలును. పశువైద్యుడు తగిన సాధనముతో అరగదీయును.

ఈ రెండు బాధలకును నివారణ మేతయే. నాలుగింట మూడు పాళ్లకు పైగా గడ్డి యుండవలయును. మన గరిక మిక్కిలి మేలైనది. పచ్చిగడ్డిని కోసి నీడను ఆరబెట్టి నిలువ చేసికొనవచ్చును. బొమ్మలలో కుందేలు ఎప్పుడును క్యారెట్టు తినుచు కనబడును గాని, అది తీపిదుంప; చిన్నముక్కకు మించి పెట్టరాదు.

తెలుగుదేశమున కుందేటికి గొప్ప శత్రువు వేసవి. కుందేటికి చెమట పట్టదు. చెవుల ద్వారమున వేడిని వెడలించుకొనును. 30 డిగ్రీలు దాటినచో దానికి బాధ. మన వేసవి 40 డిగ్రీలు దాటును. మేడమీది రేకుల క్రింద బోను పెట్టుట దానిని చంపుటయే. గాలి యాడు నీడను ఉంచి, తడిపిన గోనెపట్టాలు కట్టి, మట్టిమూకుడులో చల్లని నీరు ఎల్లప్పుడు నుంచవలయును. నోరు తెఱచి రొప్పుచు కాళ్లు చాచి పడిపోయినచో వడదెబ్బయే. వెంటనే నీడకు తెచ్చి, చెవులను చల్లని నీటితో తడుపుచు విసరి, వైద్యునికి చూపవలయును. మంచునీటిలో ముంచరాదు.

చెవిలో గోధుమరంగు పొక్కులు పేరుకొని, తల విదల్చుచు కాలితో గోకుకొనుచున్నచో అది గజ్జి. మిక్కిలి చిన్న కీటములచే కలుగును. పొక్కులను పెరుకరాదు, మిక్కిలి నొప్పి. బరువును బట్టి వైద్యుడు మందిచ్చినచో అవి తామే రాలును. తీగలనేలపై నుండు కుందేళ్లకు వెనుకమడమలు పుండ్లగును. చెక్కపలకగాని, దళసరిగ పఱచిన ఎండుగడ్డిగాని కావలయును. తోక క్రింద తడి, మలినము చేరినచో ఈగలు గ్రుడ్లు పెట్టి, ఒక్కదినమున పురుగులు పట్టును.

మూత్రము ఎఱ్ఱబడుట చూచి కొందఱు భయపడుదురు. తిన్న ఆకుల వలన అట్టి రంగు రావచ్చును. కాని ముక్కుచు బొట్టుబొట్టుగ పోసినను, నెత్తురుగడ్డలు పడినను ఉపేక్షింపరాదు. నాలుగేండ్లు దాటిన ఆడకుందేళ్లకు గర్భాశయమున కాన్సరు తఱచుగ పుట్టును. చిన్ననాడే శస్త్రచికిత్స చేయించినచో ఆ భయ ముండదు.

తుదకు మందుల మాట. పెనిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు మనకు ప్రాణదాతలే. కుందేటికి నోట నిచ్చినచో పేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి ప్రాణాపాయము కలుగును. కుక్కల గోమారులకు వాడు ఫిప్రోనిల్ కుందేటికి విషము. ఇంట మిగిలిన మాత్రలు, పొరుగువారి సలహాలు దీని యెడ పనికిరావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను పట్టుదల మాటలలో చెల్లునేమో గాని రోగవిషయమున చెల్లదు.

కుందేలు నోరులేని జీవి. అది మనతో చెప్పగలిగినదెల్ల మేతపళ్లెమున మిగిలిన గడ్డితోను, బోను అడుగున రాలిన పెంటికలతోను చెప్పును. ప్రతి ఉదయము రెండు నిమిషములు వానిని చూచు బాధ్యతను మీ పిల్లలకు అప్పగింపుడు. కుందేటి ప్రాణము నిలుచును. పిల్లలకు సాటిప్రాణి బాధను కనిపెట్టు గుణము అలవడును.