మందు చీటీ ఎవరు రాయాలి?



మనకు జ్వరమొస్తే ఆస్పత్రికి పోతాం. అక్కడ డాక్టరు గారు ఉంటారు. నర్సమ్మ ఉంటుంది. కాంపౌండరు ఉంటాడు. ఒక్కోసారి డాక్టరు గారు ఉండరు. కాంపౌండరే చీటీ రాసి మన చేతిలో పెడతాడు. ఆ చీటీ చెల్లుతుందా? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

డాక్టరు ఒక్కరే అన్ని పనులూ చెయ్యలేరు. జ్వరం చూడడం, బి.పి. చూడడం, కట్టు కట్టడం, తాను రాసిన ఇంజక్షను వేయించడం వంటివి శిక్షణ పొందినవారికి అప్పగించవచ్చు. అందులో తప్పు లేదు. కాని రోగం ఏదో తేల్చాలి. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అని నిర్ణయించాలి. చీటీ మీద సంతకం చెయ్యాలి. అది డాక్టరు పని. ఖాళీ చీటీల మీద సంతకాలు చేసి సహాయకుడికి ఇచ్చి పోకూడదు.

2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరు లేనివారు డాక్టరుగా ఇంగ్లీషు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ చట్టంలోనే ఒక చిన్న వీలు ఉంది. అర్హత ఉన్న కొందరు ఆరోగ్య సిబ్బందికి పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చు. వారు ప్రాథమిక వైద్యంలో, నిర్ణయించిన కొన్ని మందులే సొంతంగా రాయాలి. మిగతా చోట్ల డాక్టరు పర్యవేక్షణలోనే రాయాలి. డాక్టరు సహాయకుల వృత్తిని 2021లో మరో చట్టం గుర్తించింది. వృత్తికి గుర్తింపు వేరు. సొంతంగా మందు రాసే అధికారం వేరు.

"మరి మన ఏ.ఎన్.ఎం. అమ్మ మాత్రలు ఇస్తోంది కదా?" అని మీరు అడగవచ్చు. అవి ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో ఇచ్చే మందులు. వాటిని ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. భయం లేకుండా తీసుకోండి.

ఇంకో మాట. చట్టంలో ఆర్.ఎం.పి. అంటే రిజిస్టరైన వైద్యుడు. మన ఊళ్ళల్లో రిజిస్టరులో పేరు లేనివారినీ ఆర్.ఎం.పి. డాక్టరు అనే పిలుస్తాం. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే. ఆ మేలు మరవొద్దు. కాని అక్షరాలు ఒకటైనంత మాత్రాన అధికారం ఒకటి కాదు.

ఎందుకింత పట్టింపు? ఒళ్ళు నొప్పులకు స్టెరాయిడు ఇస్తే తెల్లారేసరికి హాయిగా ఉంటుంది. అదే పనిగా వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. గర్భిణికి, కిడ్నీ జబ్బు మనిషికి కొన్ని మందులు అసలు పడవు. అవన్నీ అడిగి తెలుసుకుని రాసేవారే రాయాలి.

మనకిప్పుడు చదువు వచ్చింది. చీటీ చదవండి. మీ పేరు, తేదీ, మందు, మోతాదు, డాక్టరు సంతకం ఉన్నాయా? రిజిస్ట్రేషను నంబరు ఉందా? ప్రతి చీటీ మీదా ఆ నంబరు ఉండాలని 2002 నాటి వైద్యుల నియమావళి చెబుతోంది. మాత్రల అట్ట కూడా చూడండి. దాని మీద నిలువుగా ఎర్రగీత ఉంటే, ఆ మందు డాక్టరు చీటీ మీదే అమ్మాలి.

అనుమానం వస్తే, "అయ్యా, డాక్టరు గారు చూసి రాశారా?" అని అడగండి. మర్యాదగానే అడగండి. సిగ్గుపడొద్దు. ఆ మందు మింగేది మనం, మన పిల్లలు.