చిన్న వ్యాపారమునకు ఉమ్మడి నిల్వపెట్టె

పూర్వము వర్తకుని ప్రాణమంతయు చిట్టా ఆవర్జాలలో నుండెడిది. దుకాణము కాలిపోయినను ఆవర్జా మిగిలినచో, రావలసిన బాకీలు రాబట్టుకొని మరల నిలదొక్కుకొనవచ్చునని పెద్దలు తలచెడివారు. నేడు ఆ చిట్టా, ఆ ఆవర్జా, ఖాతాదారుల చిరునామాలు, పన్ను లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు సమస్తమును కంప్యూటరు డిస్కులపై నున్నవి. కాగితమువలె అవి కంటికి కనబడవు. పోయినదాక వాటి విలువ యెంతయో తెలియదు. పది పదునైదుమంది పనిచేయు చిన్న సంస్థ ఈ లెక్కలన్నింటిని ఒకచోట భద్రపరచుటకు మొదటిసారిగా ఒక ఉమ్మడి నిల్వపెట్టెను కొనదలచినచో, ఏమేమి చూచి కొనవలెనో ఈనాడు ముచ్చటించుకొందము.

బజారులో దీనిని స్టోరేజ్ అర్రే అని పిలుచుచున్నారు. అది ఒక ఇనుప పెట్టె. అందులో నాలుగో, ఆరో, పన్నెండో డిస్కులు వరుసగా అమర్చియుండును. వాటిని నడిపించుటకు కంట్రోలరు అను చిన్న కంప్యూటరు ఒకటి గాని రెండు గాని ఉండును. కార్యాలయములోని యంత్రములన్నియు తీగలద్వారా ఈ పెట్టెతో సంబంధము పెట్టుకొని, దానియందే దాచుకొనుచు, కావలసినప్పుడు దానినుండియే తీసికొనుచుండును. ఊరందరి ధాన్యమును ఒక్క గాదెలో పోసినట్లన్నమాట. సౌకర్యము ఎంత గలదో ప్రమాదమును అంతయే గలదు. ఆ గాదె కూలినచో ఊరంతయు పస్తుండవలెను.

డిస్కుపై లెక్కలు దాచు విద్య 1956వ సంవత్సరమున ఐ.బి.ఎమ్. సంస్థవారి రామాక్ యంత్రముతో ఆరంభమైనది. 24 అంగుళముల అడ్డుకొలత గల 50 పళ్లెములు, టన్నుకు మించిన బరువు. ఇంత చేసి అది దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకు అంత చోటు పట్టుచున్నది. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ పాటర్‌సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను ముగ్గురు ఒక వ్యాసము ప్రకటించిరి. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనుటకు బదులు చౌకయైన చిన్న డిస్కులను పెక్కింటిని కలిపి వాడవచ్చునని వారు చెప్పిరి. సంఖ్య పెరిగినకొలది ఏదో యొకటి చెడిపోవుట తరచగును గనుక, చెడినదానిలోని సరుకును మిగిలినవాటి సహాయమున మరల పుట్టించుకొను ఏర్పాటు ఉండవలెనని వారి వాదము. దానికి రైడ్ అని పేరు పెట్టిరి. నేటి పెట్టెలన్నియు ఆ వ్యాసపు సంతానమే.

అయితే కొనుటకు ముందు, అసలు మనకిది కావలెనా యని ప్రశ్నించుకొనుట మంచిది. అమ్మువాడు ఈ ప్రశ్న వేయడు. విజయవాడలో ఒక అచ్చుకూటము గలదని ఊహించుకొందము. పన్నెండుమంది పనివారు పుస్తకముల అట్టలు, శుభలేఖలు, కరపత్రములు కంప్యూటరుపై కూర్చి, పాతవాటిని మరల పనికివచ్చునని దాచుచుందురు. వీరికి కావలసినది ఫైళ్లు పెట్టుకొను చోటు మాత్రమే. నాస్ అని పిలువబడు నాలుగు డిస్కుల పెట్టె వీరికి చాలును. అదే సంస్థలో బిల్లులు, గిడ్డంగి లెక్క, జీతముల లెక్క నడిపించు సర్వర్లు రెండుండి, ఒకటి ఆగినచో దాని పనిని రెండవది వెంటనే అందుకొనవలెనన్నచో, అప్పుడు ఆ రెండింటికిని సమానముగా అందుబాటులో నుండు పెట్టె అవసరమగును. వెనుక ఇందుకై ఫైబర్ ఛానల్ అను ఖరీదైన ప్రత్యేకపు ఏర్పాటు చేయవలసియుండెడిది. ఐస్కజీ అను పద్ధతికి 2004లో ప్రమాణము వెలువడిన తరువాత మామూలు నెట్‌వర్కు తీగలపైననే ఈ పని సాగుచున్నది. సర్వర్లు రెండే యైనచో స్విచ్చి కూడ అక్కరలేకుండ సాస్ తీగలతో నేరుగా పెట్టెకు తగిలింపవచ్చును. చిన్న సంస్థకు మాకు తోచిన మేలైన మార్గము ఇదియే. ఖర్చు తక్కువ, చెడుటకు వస్తువులును తక్కువ. ఇక సగము దినము పని ఆగినను మునిగిపోవునది లేదనుకొనువారు, ఒక మంచి సర్వరును, నమ్మదగిన నకళ్లను ఏర్పరచుకొని, మిగిలిన సొమ్మును వ్యాపారములో పెట్టుకొనవచ్చును.

కొనుటయే నిశ్చయమైనచో మొదట వచ్చునది డిస్కుల లెక్క. 8 టెరాబైట్ల డిస్కులు ఆరు కొంటిమనుకొందము. మొత్తము 48. రైడ్ 5 అను పద్ధతిలో ఒక డిస్కంత చోటు రక్షణకు పోయి 40 మిగులును. రైడ్ 6లో రెండు డిస్కులంత పోయి 32 మిగులును. రైడ్ 10లో ప్రతి డిస్కునకు ఒక జంట డిస్కు ఉండును గనుక 24 మాత్రమే మిగులును. పైగా తయారీదారులు వేయితో గుణించి చెప్పుదురు. కంప్యూటర్లు పెక్కు 1024తో లెక్కించును. అందుచేత 8 అని కొన్నది తెరపై 7.27గా కనబడును. మోసమేమియు లేదు గాని, ముందే తీసివేసి లెక్క చూచుకొనవలెను.

నలభై మిగులును గదా యని అమ్మువారు రైడ్ 5నే ముందుకు త్రోయుదురు. ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఒక డిస్కు చెడినది. దాని స్థానమున క్రొత్తది పెట్టితిమి. అంతటితో పని ముగియలేదు. మిగిలిన ఐదింటిని మొదటినుండి తుదివరకు చదివి ఆరవదానిని మరల వ్రాయవలెను. సెకనుకు 150 మెగాబైట్ల వేగమున ఆటంకము లేక సాగినను 8 టెరాబైట్లు వ్రాయుటకు సుమారు 15 గంటలు పట్టును. నడుమ కార్యాలయపు పనియు సాగుచుండును గనుక అది రెండు మూడు దినములకు పెరుగవచ్చును. ఆ వ్యవధిలో రెండవ డిస్కు చెడినచో సరుకంతయు పోయినట్లే. ఆ డిస్కులు తరచుగా ఒకే కర్మాగారమున ఒకే కాలమున తయారైనవి. ఒకే పెట్టెలో ఒకే వేడికి లోనైనవి. ఒకటి పోయిన వారములోనే రెండవదియు పోవుట వింత గాదు.

ఇంకొక చిక్కు కూడ గలదు. చౌకరకపు డిస్కులు 12.5 టెరాబైట్లు చదువునంతలో ఎక్కడనో ఒక తునక చదువరాకపోవచ్చునని వాటి తయారీదారులే పత్రములలో హద్దు చెప్పుకొనుచున్నారు. మన లెక్కలో చదువవలసినది 40. ఆచరణలో డిస్కులు ఆ హద్దుకన్న మెరుగుగనే పనిచేయుచున్నవి. అయినను ఒక సంస్థ లెక్కలను ఆ మెరుగును నమ్ముకొని వదలుట మాకు సమ్మతము గాదు. ఇంత పెద్ద డిస్కులకు రైడ్ 6 గాని రైడ్ 10 గాని కావలసినదే. ఎనిమిది టెరాబైట్లు తగ్గుట నష్టముగా తోచవచ్చును. అది భీమా రుసుమువంటిది.

డిస్కుల జాతి కూడ అడుగవలెను. పెంకుటింటి కప్పుపై పెంకులవలె వ్రాతవరుసలను ఒకదానిపై ఒకటి కొంత కప్పునట్లు వ్రాయు డిస్కులు కొన్ని వచ్చినవి. చోటు కలిసివచ్చును గాని, ఒక వరుస మార్చవలెనన్న ప్రక్క వరుసలను కూడ మరల వ్రాయవలెను. చెడినదానిని మరల పుట్టించు సమయమున ఇవి మిక్కిలి నెమ్మదించును. నాస్ పెట్టెల కొరకని అమ్మిన డిస్కులలో కొన్ని ఈ జాతివని 2020లో బయటపడి పెద్ద గగ్గోలైనది. ఇట్టివి ఉమ్మడి పెట్టెకు తగవు.

వేగమునుగూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కు, చెదరుగా వచ్చు చిన్న చిన్న కోరికలను సెకనుకు నూటికి మించి తీర్చలేదు. రైడ్ 6లో ఒక్క చిన్న వ్రాతకు ఆరు పనులు పడును. రైడ్ 10లో రెండే. కావున బిల్లుల లెక్కలు, గిడ్డంగి లెక్కలు వంటివాటికి తిరుగుడు లేని ఎస్.ఎస్.డి.లను రెండు మూడు పెట్టించి, పాత ఫైళ్లను పెద్ద డిస్కులపై నుంచుట ఉచితము. సెకనుకు ఒక గిగాబిట్ పంపు మామూలు తీగపై 110 మెగాబైట్లకు మించి పోవు. పెట్టె ఎంత వేగవంతమైనను సందు ఇరుకైనచో బండి కదలదు.

కంట్రోలర్లు రెండున్న పెట్టెనే కోరవలెను. ఒకటి చెడినను రెండవది పనిని అందుకొనును. వ్రాయవలసిన సమాచారమును కంట్రోలరు కొంతసేపు తన జ్ఞాపకములో నుంచుకొనును గనుక, కరెంటు హఠాత్తుగా పోయినచో ఆ భాగము నిలుచుటకు లోపల బ్యాటరీ గలదా యని అడుగవలెను. వెలుపల యు.పి.ఎస్. పెట్టుట మాత్రమే చాలదు. దాని బ్యాటరీ అయిపోవుచున్నదని పెట్టెకు తెలిసి అది క్రమముగా ఆగునట్లు తీగ కలుపవలెను. మే నెలలో సాయంత్రము ఆరింటికి గది చల్లదనపు యంత్రమును ఆపి తాళము వేసి పోవు కార్యాలయములు మన వైపున పెక్కు గలవు. పెట్టెకు మాత్రము రాత్రి సెలవు లేదు.

ధర అడుగునప్పుడు ఐదు సంవత్సరముల ధర అడుగవలెను. కొన్ని పెట్టెలు తమ సంస్థ ముద్ర గల డిస్కులను తప్ప స్వీకరింపవు. నాలుగవ సంవత్సరమున అదే డిస్కు ఏ ధరకు దొరకునో, మరమ్మతు ఒప్పందము మరల వ్రాయించుటకు ఏమగునో ఇప్పుడే కాగితముపై పెట్టించుకొనవలెను. నాలుగు గంటలలో వచ్చెదమని వ్రాయుదురు. వచ్చునది మనిషియా, వస్తువా? ఆ వస్తువు మన ఊరిలో నున్నదా, హైదరాబాదులో నున్నదా?

ఇంత చేసినను ఇది యొక్క పెట్టెయే. రెండు సర్వర్లు, రెండు కంట్రోలర్లు, రెండేసి తీగలు పెట్టి, అన్నింటికి క్రింద ఒకే పెట్టెను నిలుపుచున్నాము. పొరబాటున ఫైలు చెరిపివేసినచో రైడ్ ఆరు డిస్కులపైనను శ్రద్ధగా చెరిపివేయును. పెట్టెలో స్నాప్‌షాట్ అను ఏర్పాటుండి నిన్నటి స్థితిని చూపగలదు. కాని పెట్టె పోయినచో అదియు పోవును. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్టక్రమము లోకమంతట కంప్యూటర్లకు తాళములు వేసి సొమ్మడిగినప్పుడు, ఆంధ్రప్రదేశములో కొన్ని పోలీసు కార్యాలయముల యంత్రములును దానివాత బడినవి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓ.వి.హెచ్. సంస్థవారి భవనమొకటి కాలిపోయినప్పుడు, నకలును కూడ అచ్చటనే ఉంచుకొన్నవారు కొందరు రెండును పోగొట్టుకొనిరి. అందుచేత మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, వాటిలో ఒకటి వేరొక చోట అను పాత లెక్కను వదలరాదు. ఒక ప్రతి తీగనుండి విడదీసి యుంచవలెను.

చట్టము కూడ ఈ విషయమున పట్టుదలగనే యున్నది. కంపెనీల లెక్కపుస్తకములు ఎనిమిది ఆర్థిక సంవత్సరముల వరకు ఉంచవలెను. వస్తుసేవల పన్ను లెక్కలు వార్షిక రిటర్నుకు గడువు తేదీనుండి 72 నెలలు ఉంచవలెను. కంప్యూటరులో వ్రాయు కంపెనీ లెక్కల నకలు భారతదేశములోని సర్వరుపై ప్రతిదినము ఉండవలెనని 2022లో నిబంధనను సవరించిరి. అంతకు ముందు అప్పుడప్పుడు ఉన్న చాలునని యుండెను. కాబట్టి పెట్టె ధరతో బాటు నకళ్లకగు ఖర్చును కూడ ఒకే పద్దులో వ్రాసికొనవలెను. సొమ్ము చాలనిచో పెట్టెను చిన్నదిగా కొనవలెను గాని నకలును తగ్గింపరాదు.

పెట్టె వచ్చి బిగించిన దినమున, అసలు లెక్కలు ఎక్కింపకముందే, అమ్మినవాని యెదుట కొన్ని పరీక్షలు జరుపవలెను. పని సాగుచుండగా ఒక డిస్కు పైకి లాగవలెను. అది మరల కుదురుకొనుటకు ఎన్ని గంటలు పట్టినదో వ్రాసికొని, పిమ్మట ఒక కంట్రోలరును, తరువాత ఒక కరెంటు తీగను లాగి చూడవలెను. నకలునుండి ఒక దినపు బిల్లులను వేరొక యంత్రముపైకి తెప్పించి, మన గుమాస్తా చేత తెరిపించి చదివింపవలెను. కడపటి వాయిదా సొమ్ము ఆ సాయంత్రము చెల్లింపవచ్చును.