అక్కియు, చల్లని ప్లాస్మాయు

ప్లాస్మా యనగానే మనలో పెక్కుమందికి 2020లో కోవిడ్ రోగులకు ఎక్కించిన రక్తపు ద్రవభాగము జ్ఞప్తికి వచ్చును. మేమిప్పుడు ముచ్చటింపబోవు ప్లాస్మా అది కాదు. ఘన, ద్రవ, వాయు స్థితులకు తరువాతిదగు నాలుగవ స్థితి యిది. వాయువులో బలమైన విద్యుత్తును ప్రసరింపజేసినచో పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడును. అట్టి వాయువునకు 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూర్ ప్లాస్మా యని పేరిడెను.

మెఱుపు ప్లాస్మాయే, వెలుగుచున్న ట్యూబులైటులోనిదియు ప్లాస్మాయే. మొదటిది కాల్చివేయును, రెండవదాని గాజు చేతికి కాలదు. ఏల? అందు ఎలక్ట్రానులు మాత్రమే అమిత శక్తితో పరుగిడును; బరువైన పరమాణువులు చల్లగనే యుండును. దీనినే చల్లని ప్లాస్మా యందురు. ఇది గాలితో కలిసినపుడు ఓజోను, నైట్రిక్ ఆక్సైడు మొదలైనవి పుట్టి, వైరస్ పైపొరను చెఱచును. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్లాస్టిక్, లోహము, తోలు, అట్ట మున్నగువానిపై నున్న కరోనా వైరస్‌ను 3 నిమిషములలో నిర్వీర్యము గావించిరి.

అట్టముక్కపై నశించిన వైరస్ దేహములోను నశించునా? ఇందుకు అక్కి మంచి ఉదాహరణము. చిన్ననాడు ఆటలమ్మను కలిగించిన వైరసే నరముల మూలములందు ఏండ్ల తరబడి దాగియుండి, దేహపు రక్షణశక్తి తగ్గినపుడు ఒక ప్రక్కగా మంటతో, పొక్కులతో పైకి వచ్చును. మన పల్లెలలో దీనికి ఎఱ్ఱమట్టితో అక్కి వ్రాయించుట కలదు. జర్మనీ వైద్యులు మామూలు మందులతోపాటు పొక్కులపై 5 నిమిషములు ఆర్గాన్ ప్లాస్మాను ప్రసరింపజేసి, 2014లో ఫలితములను ప్రకటించిరి. ప్లాస్మా లేని ఉత్తుత్తి చికిత్స పొందినవారికంటె వీరికి నొప్పి తగ్గెను. పొక్కులు త్వరగా మానెను.

సంతోషమే. అయినను ఆ పరీక్ష చిన్నది. ప్లాస్మా ప్రభావము చర్మపు పైభాగమునకే. నరముల మూలములందు దాగిన వైరస్‌ను అది చేరజాలదు. కనుక అది మందులకు తోడు మాత్రమే, బదులు కాదు. ప్లాస్మా పేరిట ఇండ్లకై అమ్ము పరికరములు కొన్ని ఓజోనును వెలువరించును. దానిని పీల్చుట ఊపిరితిత్తులకు హాని.

అసైక్లోవిర్ వంటి మందులను పొక్కులు లేచిన 72 గంటలలోపల మొదలిడినచో మేలు హెచ్చు. 50 ఏండ్లు దాటినవారికి టీకాయు కలదు. కంటి దాపున అక్కి లేచినచో చూపునకే ముప్పు. అట్టివారు ఆ దినమే, తక్కినవారు మూడవ దినము దాటనీయకయు వైద్యుని చూడవలెనని మా మనవి.