రెండో సెట్టు చక్రాలు



మన పిల్లలు చాలామంది చలిదేశాలలో ఉన్నారు గనుక ఈ విషయం ఎత్తుకున్నాను. మా అబ్బాయికి కెనడాలోని మాంట్రియల్‌లో ఉద్యోగం. నిరుడు కార్తీకంలో మేము వెళ్ళినప్పుడు, కారుకు రెండో సెట్టు చక్రాలు కొంటానన్నాడు. ఉన్న నాలుగూ బాగుండగా ఇదేం దుబారా అని కోప్పడ్డాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

అక్కడ క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి రోడ్డుమీద పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరు మెత్తగానే ఉంటుంది. దాని పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు గుర్తు చూసుకోవాలి. టైర్లు మాత్రమే కొంటే ఏటా రెండుసార్లు రిమ్ముల నుండి ఊడదీసి ఎక్కించాలి. ప్రతిసారీ కూలీ. పైగా రోడ్లపై చల్లే ఉప్పుకు అల్లాయ్ రిమ్ముల పైపూత చెడుతుంది. అందుకే విడిగా ఇనుప రిమ్ములు.

నా పోరు పడలేక వాడు పాత రిమ్ములు చవకగా తెచ్చాడు. బోల్టు రంధ్రాలు సరిపోయాయి గానీ నడిమి రంధ్రం హబ్బుకంటే పెద్దది. బండి వేగం అందుకోగానే స్టీరింగు వణికింది. వెనుక సీటులో మనవరాలు! హార్సిలీ కొండ మలుపుల్లో కూడా నేనంత భయపడలేదు. మరునాడు మెకానిక్కు మధ్యలో వలయాలు వేసి సరిచేశాడు. నూరు కిలోమీటర్లలోపే నట్లు మళ్ళీ బిగించి చూసుకోమన్నాడు. రెండు కొలతలూ చూసి కొనమని మీ పిల్లలకు చెప్పండి.

వలయాల ఖర్చు నా పెన్షనులోనే ఇచ్చాను. వాడు వద్దన్నా వినలేదు.